నేను జయంతి రవ్వను

బజారులో నన్ను రోహు అంటారు. మా నిజామాబాద్ వైపు రవ్వ అంటారు. బోధన్ దగ్గర ఒకప్పుడు చెరకు పండిన పొలంలో తవ్విన చేపల చెరువు నా ఇల్లు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ చుట్టుపక్కల రైతులు చాలామంది చెరకు వదిలి వరికి మళ్లారు. మా యజమాని వరితో పాటు మమ్మల్ని కూడా నమ్ముకున్నాడు.

నాకున్న గొప్పల్లా ఒక్కటే. నా వంశం లెక్క కాగితం మీద ఉంది.

మా జాతి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టదు. వానలకు నది పొంగితేనే మాకు ఆ ఘడియ వస్తుంది. అందుకే పూర్వం పిల్లలు కావాలంటే నదుల్లో వలలు పన్ని ఏరుకోవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, నదికి పోనవసరం లేకుండానే పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే మన దేశంలో జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ మేలు వెంటే ఒక కీడూ వచ్చింది. పిల్లలు సులువుగా దొరకడంతో చాలా హేచరీల్లో అవే కొద్దిపాటి తల్లి చేపలను ఏళ్ల తరబడి వాడారు. తోబుట్టువులతో తోబుట్టువులే జతకట్టారు. పుట్టిన పిల్లలు ఎదగలేదు. ఎంత మేత వేసినా ఒంటికి పట్టదు. రైతు మేతను తిట్టుకుంటాడు, నీళ్లను తిట్టుకుంటాడు. లోపం పుట్టుకలో ఉందని అతనికి ఎవరు చెప్పాలి?

1992లో భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలోని కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధన సంస్థ, నార్వే దేశపు అక్వాఫోర్స్క్ సంస్థ కలిసి మేలైన రవ్వ వంశాన్ని తీర్చే పని చేపట్టాయి. నార్వే వాళ్లు 1970ల నుంచే సాల్మన్ చేపల్లో మేలైన కుటుంబాలను ఎంచి పెంచుతున్నారు. ఆ పద్ధతిని మన రవ్వకు పట్టించారు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలను, ఫారంలోని చేపలను తెచ్చి జతకట్టించారు. ఒక్కో జంట పిల్లలను విడివిడి గుంటల్లో పెంచారు. కాస్త ఎదిగాక ఒక్కోదాని పొట్టలోకి వడ్లగింజంత చిప్పు ఎక్కించారు. అప్పుడు అన్నిటినీ ఒకే చెరువులో కలిపి వదిలారు. ఒకే నీరు, ఒకే మేత. కొన్ని నెలలకు వల లాగి, చిప్పులోని నంబరు చదివి, తూకం రాసుకున్నారు. ఏ ఇంటి పిల్లలు బాగా ఎదిగితే ఆ ఇంటివే తర్వాతి తరానికి తల్లిదండ్రులు. కొన్ని తరాలు గడిచేసరికి తరానికి సగటున 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల గుర్తుగా మాకు జయంతి అని పేరు పెట్టారు.

ఆ తర్వాతి పరీక్షను తలచుకుంటే నా రెక్కలు ముడుచుకుపోతాయి. ఏరోమోనాస్ అనే బాక్టీరియా మా ఒంటి మీద పుండ్లు లేపి ప్రాణం తీస్తుంది. దాన్ని తట్టుకునే కుటుంబాలు ఏవో తేల్చడానికి ప్రతి ఇంటి నుంచీ కొందరికి ఆ రోగం అంటించి చూశారు. చనిపోయినవాళ్లూ మా అన్నదమ్ములే. వాళ్ల చావుల లెక్క చూసి, రోగం అంటించని తోబుట్టువుల్లోంచి తల్లి చేపలను ఎంచారు. వాళ్ల రుణం నా మీద ఉంది.

ఇక తిండి సంగతి. సాల్మన్‌కు సముద్రపు చిన్న చేపల పొడి, నూనె కావాలి. మాకు అవసరం లేదు. నీళ్లలోని నాచు, ప్లవకాలు, పైనుంచి తవుడు, పల్లిచెక్క చాలు. మిల్లుల ఊరు నిజామాబాద్‌లో తవుడుకు కొదవ లేదు. అయినా చేపల సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. అడుగున చిల్లులున్న సంచిలో తవుడు, చెక్క నింపి, పాతిన బొంగుకు కట్టి నీళ్లలోకి దించుతారు. నా కింది పెదవికి కుచ్చుల అంచు ఉంటుంది. దాన్ని చిల్లుకు ఆనించి పీల్చుకుంటాను. విసిరిన మేత చాలావరకు బురద పాలవుతుంది. సంచిలోదైతే మా నోటికే చేరుతుంది. సంచిలో ఎంత మిగిలిందో చూస్తే మా ఆకలి ఎంతో రైతుకు తెలిసిపోతుంది.

మొన్న మబ్బు పట్టిన రోజు గట్టు మీద వల పట్టే పెద్దాయన మాటలు విన్నాను.

"కాకా, ఇంకో బస్తా కడుదునా? దసరాకు తూకం రావాలె గదా."

"వద్దు బిడ్డా. మబ్బుకు చేప మేత ముట్టదు. మిగిలింది నీళ్లల్ల కుళ్లుతది. తెల్లారగట్ల అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తయి. నిన్నటి సంచులు చూడు, ఇంక సగం అట్లనే ఉన్నయి."

ఆ పెద్దాయన పుస్తకాలు చదవలేదు. ఎండ లేకపోతే నాచు ప్రాణవాయువు ఇవ్వదని, కుళ్లిన మేత ఉన్న గాలినీ మింగేసి అమ్మోనియాను పెంచుతుందని శాస్త్రం చెప్పేదీ అదే. బయోఫ్లాక్ తొట్లలో ఆ అమ్మోనియాను లాగేయడానికి మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలుపుతారు. ఆ తీపికి పెరిగిన బాక్టీరియా అమ్మోనియాను తిని, తామే చేపకు మాంసకృత్తుల మేతవుతాయి. చెరకు రుచి ఎరిగిన ఈ నేలలో ఆ ప్రయోగాలు జరగాలని నా కోరిక. బోధన్ తవుడుతో, కాలువ నీళ్లతో, ఇక్కడి చలికాలంలో జయంతి ఎంత తిని ఎంత పెరుగుతుందో రాసిపెట్టే పుస్తకం ఒకటి ప్రతి గట్టు మీదా ఉండాలి. నెలకోసారి వల లాగి కొన్నిటిని తూచి, ఆ బరువును బట్టి మేత కడితే చాలు. కౌసల్యాగంగలోనూ ఇలాగే తూచి రాసుకున్నారు.

మా యజమాని లెక్క అడగడం మొదలుపెట్టాడు. నిన్న వచ్చే కారుకు పిల్లల కోసం హేచరీకి ఫోన్ చేశాడు.

"జయంతి అంటున్నవు సరే. తల్లి చేపలు యాడికెళ్లి తెచ్చిన్రు? మార్చి ఎన్నేండ్లయింది?"

అవతలి మాట నాకు వినపడలేదు.

"అయితే కనుక్కొని చెప్పన్నా. నువ్వు చెప్పినంకనే పైసలు పంపుత."