కనండి, కానీ లెక్కపెట్టకండి

రష్యా తూర్పు కొసన, వ్లాదివొస్తోక్ నగరం ఉన్న ప్రాంతం పేరు ప్రిమోర్యే. అక్కడి ఆరోగ్య మంత్రి యెవ్గెనీ షెస్తొపాలొవ్‌ను 2024 సెప్టెంబరులో విలేకరి ఒకరు అడిగారు: రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేసేవాళ్లు పిల్లల్ని ఎప్పుడు కంటారండీ? మంత్రిగారు తడుముకోలేదు. తీరిక లేదన్నది కుంటిసాకు, భోజన విరామం ఉంది, టీ విరామం ఉంది, ఆ టైములో కానివ్వొచ్చు కదా అన్నారు. మరి భోజనం ఎప్పుడు చెయ్యాలో చెప్పలేదు. బహుశా ఆ శాఖ ఆయనది కాదేమో.

నవ్వకండి. అక్కడ ఇది ప్రభుత్వ విధానం. లెనిన్ పుట్టిన ఊరు ఉల్యానొవ్స్క్‌లో గవర్నర్ సెర్గేయ్ మొరోజొవ్ 2005లో సెప్టెంబరు 12ను ‘గర్భధారణ దినం’గా ప్రకటించారు. ఆ రోజు దంపతులు పని మానుకుని ఇంటికి పోవచ్చన్నారు. సరిగ్గా తొమ్మిది నెలలకు, జూన్ 12న, అంటే రష్యా జాతీయ దినం నాడు కాన్పయితే ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు. బంపర్ బహుమతి ఆ ఊరి ఫ్యాక్టరీలోనే తయారయ్యే కారు. దాని పేరు పేట్రియట్. జూన్ 11 రాత్రి పదకొండున్నరకు నొప్పులొచ్చిన తల్లి పళ్లు బిగబట్టి గడియారం వంక చూడటాన్ని ఊహించుకోండి.

2006 మే నెలలో పుతిన్ పార్లమెంటు ముందు నిలబడి, ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికొస్తాను, అదేమిటో మన రక్షణ శాఖకు బాగా తెలుసు అని చమత్కరించారు. అందరూ తుపాకుల గురించి అనుకుంటుండగా ప్రేమ, స్త్రీలు, పిల్లలు అన్నారు. మరుసటి ఏడు నుంచి రెండో బిడ్డను కన్నవాళ్లకు ‘మాతృ మూలధనం’ పేరుతో 2.5 లక్షల రూబుళ్లు వచ్చాయి. 2020 నుంచి మొదటి బిడ్డకే ఇస్తున్నారు. అదీ చాలక 2022 ఆగస్టులో, 1944 నాటి స్టాలిన్ బిరుదు ‘వీరమాత’ను అటక మీంచి దింపారు. పదిమందిని కంటే పతకం, 10 లక్షల రూబుళ్లు. పదో బిడ్డకు ఏడాది నిండాలి, మిగిలిన తొమ్మిదిమందీ బతికుండాలి. ఒక సడలింపు ఉంది: యుద్ధంలో పోయిన బిడ్డను బతికున్నట్టే లెక్కవేస్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం. అక్కడ సోమలింగానికి రెజిమెంటు కూడా సిద్ధం.

డబ్బు అసలు పనిచెయ్యలేదంటే అబద్ధం. 2006లో ఒక్కో మహిళకు సగటున 1.3గా ఉన్న సంతానం 2015 నాటికి 1.8 దాకా పాకింది. తర్వాత దిగడం మొదలైంది. ఎలాగూ కనాలనుకున్న రెండో బిడ్డను ఇప్పుడే కనేద్దాం అనుకున్నవాళ్లు కనేశారు. వచ్చే నెల జీతం అడ్వాన్సుగా తీసుకున్నట్టే, ఆ నెల వచ్చాక చేతికొచ్చేదేమీ ఉండదు. 2024లో రష్యాలో పుట్టినవాళ్లు 12.22 లక్షలు. 1999 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఆ 1999లోనే ఉంది కిటుకంతా. సోవియట్ కాలం చివర్లో, 1987లో, రష్యాలో 25 లక్షలమంది పుట్టారు. 1999 వచ్చేసరికి 12.14 లక్షలు. సగం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలకు 2024లో పాతికేళ్లు నిండాయి. వాళ్లే ఇప్పటి తల్లులు కావాలి, కానీ వాళ్లే సగంమంది. పుట్టని పిల్లలకు పిల్లలు పుట్టరు. ఈ లెక్కను రద్దుచేస్తూ ఉత్తర్వు ఇవ్వడం క్రెమ్లిన్‌కు కూడా ఇంతవరకూ కుదరలేదు.

1992లో అక్కడ చావుల గీత జననాల గీతను దాటి పైకెళ్లింది. జనాభా శాస్త్రవేత్తలు దాన్ని ‘రష్యన్ శిలువ’ అంటారు. అది ఎక్కువగా మగవాళ్లు మోసిన శిలువ. 1985 మేలో గోర్బచొవ్ మద్యం మీద యుద్ధం ప్రకటించారు. మధ్యాహ్నం రెండింటి దాకా దుకాణం తెరవకూడదన్నారు, మొల్దోవాలో, జార్జియాలో ద్రాక్షతోటలు పీకించారు. జనం ఆయనకు మినరల్ వాటర్ సెక్రటరీ అని పేరుపెట్టి, చక్కెరంతా కొనుక్కుపోయి ఇంట్లోనే కాచుకున్నారు. 1995లో మద్యనిషేధం చూసిన మనకు ఈ కథ కొత్త కాదు. అయినా నిజం చెప్పుకోవాలి: రెండేళ్లలో మగవాళ్ల సగటు ఆయుష్షు దాదాపు 65 ఏళ్లకు పెరిగింది. తర్వాత నిషేధం పోయింది, దేశం పోయింది, ఉద్యోగాలు పోయాయి, దాచుకున్న డబ్బు ధరల్లో కరిగిపోయింది, వోద్కా మాత్రం చవగ్గా మిగిలింది. 1994 నాటికి రష్యా మగవాడి ఆయుష్షు 58 ఏళ్లలోపుకు పడింది. చావొద్దని గోర్బచొవ్ మగవాళ్లకు చెప్పిచూశారు. ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాతివాళ్లకు కనండని ఆడవాళ్లకు చెప్పడమే సుఖమనిపించింది.

చెప్పడమంటే మామూలుగా చెప్పడం కాదు. ముందు చదువు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత బిడ్డ అనుకోవడం చెడ్డ అలవాటని 2023లో కేంద్ర ఆరోగ్య మంత్రి మిఖాయిల్ మురాష్కో మందలించారు. మన నాయనమ్మలు, ముత్తవ్వలు ఏడుగురిని, ఎనిమిదిమందిని కనలేదా అని అదే ఏడు నవంబరులో పుతిన్ గుర్తుచేశారు. కన్నారు. అందులో ఎంతమంది బతికారో గుర్తుచెయ్యలేదు. 2024 నవంబరులో పిల్లలు లేకుండా బతకడం బాగుంటుందని ప్రచారం చెయ్యడాన్ని చట్టంతో నిషేధించారు. సంస్థలకైతే 50 లక్షల రూబుళ్ల దాకా జరిమానా. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. పిల్లలు లేనివాళ్ల జీతంలో 6 శాతం కోసుకునే పన్ను 1941లో స్టాలిన్ పెట్టింది. అది సోవియట్ యూనియన్‌తో పాటే పోయింది. దాన్ని మళ్లీ తెద్దామని కొందరు పార్లమెంటు సభ్యులకు ఈమధ్య బెంగ పుట్టింది.

డబ్బిచ్చారు, తిట్టారు, నిషేధించారు. అంకె మళ్లీ కిందికే దిగింది. ఇక మిగిలిన దారి ఒకటే: అంకెను దాచెయ్యడం. 2025లో రష్యా గణాంక సంస్థ రోస్‌స్టాట్ నెలనెలా ఇచ్చే జనన మరణ వివరాలు ఆపేసింది. అంతకు ఏడాది క్రితమే, ఈ జననాల రేటు దేశ భవిష్యత్తుకు మహావిపత్తు అని క్రెమ్లిన్ ప్రతినిధి పెస్కొవ్ తానే అన్నారు. మహావిపత్తు ఎంతుందో తెలియకుండా చేస్తే సగం తగ్గినట్టే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు వచ్చిన ఏడుపు ఇది.

ఈ విద్య మాస్కోకు కొత్తది కాదు. 1934 జనవరి పార్టీ మహాసభలో స్టాలిన్ దేశ జనాభా 16.8 కోట్లని ప్రకటించారు. 1937 జనవరి 6న ఇంటింటికీ తిరిగి లెక్కపెడితే 16.2 కోట్లే తేలింది. మూడేళ్లలో పెరగాల్సింది పెరగకపోగా, నాయకుడు చెప్పినదాంట్లోంచి 60 లక్షలమంది తగ్గారు. ఎక్కడికి పోయారంటే 1932–33 కరువులోకి. ఆ మాట అనే వీల్లేదు. పైగా మతం గురించీ అడిగారేమో, పెద్దవాళ్లలో సగానికి పైగా దేవుణ్ణి నమ్ముతామని రాయించారు. ఒకే కాగితం మీద రెండు ద్రోహాలు. లెక్కలు రద్దయ్యాయి. గణాంక శాఖ అధిపతి ఇవాన్ క్రావల్‌ను, జనగణన విభాగం చూసిన ఒలింపీ క్విత్కిన్‌ను కాల్చిచంపారు. ఆ విధంగా జనాభా ఇంకో ఇద్దరు తగ్గింది. 1939లో మళ్లీ లెక్కపెట్టారు. 17 కోట్లు వచ్చింది. ఈసారి లెక్కపెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారన్నమాట.

బ్రెజ్నెవ్ కాలానికి తుపాకులు మానేసి మౌనం పట్టుకున్నారు. 1970ల నడుమ సోవియట్ యూనియన్ శిశుమరణాల వివరాలు ప్రచురించడం ఆపేసింది. ఫ్రాన్సులో ఇమ్మాన్యుయెల్ టాడ్ అనే పాతికేళ్ల కుర్రాడు ఆ శిశుమరణాలు పెరుగుతున్న తీరు చూసి, ఈ దేశం కూలబోతోందని 1976లో పుస్తకం రాసేశాడు. ఉపగ్రహాలు పెట్టి క్షిపణులు లెక్కపెట్టుకునే అమెరికన్ గూఢచారులకు ఊయలలు లెక్కపెట్టాలని తోచిందో లేదో.

సోవియట్ ఇంట్లోంచి వేరుపడ్డ పద్నాలుగు కాపురాల్లో కొన్నిటిలోనూ ఈ పోలికలు కనిపిస్తాయి. తుర్క్‌మెనిస్తాన్ 2012లో జనాన్ని లెక్కపెట్టి, ఫలితాలు తనలోనే దాచుకుంది. ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక జనగణన చేసింది ఒక్కసారే, 2001లో. అప్పటికి 4.84 కోట్లు. తర్వాతిది 2011 నుంచి వాయిదాలు పడుతూ పడుతూ ఉండగా, యుద్ధం వచ్చి ఇళ్లనే లేకుండా చేసింది. జార్జియా మాత్రం ధైర్యం చేసింది. 2014లో గణాంక శాఖ అంచనా 44.9 లక్షలు, తలుపు తట్టి లెక్కపెడితే 37.1 లక్షలు. ఎనిమిది లక్షలమంది కాగితం మీద కాపురం చేస్తున్నారు! పోయిన అంకెను ఉన్నదున్నట్టు అచ్చువేశారు, ఎవరినీ కాల్చలేదు. అదే దేశంలో పాట్రియార్క్ రెండో ఇలియా, మూడో బిడ్డను కంటే నేనే స్వయంగా బాప్తిస్మమిచ్చి జ్ఞానపితగా ఉంటానని 2007 చివర్లో మాటిచ్చారు. జననాలు పెరిగాయి కూడా. వేల వేల మందికి జ్ఞానపిత. ఆ పుణ్యాత్ముడు ఒక్కొక్కరికీ పుట్టినరోజు కానుక పంపాల్సొచ్చి ఉంటే ఏమయ్యేదో.

బాల్టిక్ దేశాల కథ వేరు. లాత్వియాలో 1991లో 26 లక్షలకు పైగా ఉన్నవాళ్లు ఇప్పుడు 19 లక్షలలోపుకు దిగారు. వాళ్లు యూరోపియన్ యూనియన్లో చేరగానే సగం పల్లెలు ఐర్లండ్ పుట్టగొడుగుల షెడ్లకు, లండన్ హోటళ్లకు బయల్దేరాయి. మొల్దోవాలో 2024 జనగణన తేల్చింది 24 లక్షలే. అక్కడి అమ్మమ్మలు మనవల్ని ఫోనులో పెంచుతారు. ఈ బాధ మన గోదావరి జిల్లాలకు ఎవరూ అనువదించి చెప్పక్కర్లేదు.

మన పిల్లలు ఎంబీబీఎస్‌కు వెళ్లే తాష్కెంటు, సమర్కంద్ వైపు చూస్తే సీను తిరగబడుతుంది. జనాభాలో రష్యాకు నాలుగోవంతున్న ఉజ్బెకిస్తాన్‌లో 2023లో 9.6 లక్షలమంది పుట్టారు. రష్యాలో 12.6 లక్షలు. ఆ పుట్టినవాళ్లు పెద్దవాళ్లయి మాస్కో మేడలు కడతారు, మంచు ఊడుస్తారు, టాక్సీ నడుపుతారు. జనం కరువని గుండెలు బాదుకునే రష్యా వాళ్లను ఎలా చూస్తోంది? 2024 మార్చిలో మాస్కో దగ్గర క్రోకస్ కచేరీ హాలు మీద ఉగ్రదాడి తర్వాత ఈ వలస కూలీల హాస్టళ్ల మీద సోదాలు, బహిష్కరణలు. జనం కావాలి, అయితే ఈ జనం కాదు. టీ విరామంలో తయారైన స్వదేశీ జనం కావాలి.

మనం నవ్వడానికి మనకున్న అర్హత ఎంతో కూడా చూసుకుందాం. ఇద్దరికి మించి కన్నవాళ్లు సర్పంచి పదవికి పనికిరారని 1994లో చట్టం చేసిన ఆంధ్రదేశం, 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసింది. ముప్పై ఏళ్లపాటు మూడో బిడ్డ పుణ్యమా అని నామినేషన్ పోగొట్టుకున్నవాళ్లు, అసలు దేశభక్తులం మేమేనని ఇప్పుడు పింఛను అడిగినా తప్పులేదు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో కాన్పులో ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానన్నారు. ఉల్యానొవ్స్క్‌లో కారు, ఉత్తరాంధ్రలో ఆవు. నిర్వహణ ఖర్చు చూస్తే ఆవే నయం. ఇక లెక్కల సంగతా? 2011 తర్వాత మన జనగణన 2021లో జరగాలి. 2027కు వాయిదా వేశారు. ఎందరున్నామో తెలియకుండానే తగ్గిపోతున్నామని కంగారుపడగల నేర్పు ఒక్క రష్యాకే సొంతం కాదు.

కానీ రష్యాను ఒక విషయంలో మెచ్చుకోవాలి. తలలు దాచినా ధరలు దాచలేదు. పదిమందిని కని పెంచిన వీరమాతకు 10 లక్షల రూబుళ్లు. 2024 జులైలో మాస్కో నగరం సైన్యంలో చేరే కాంట్రాక్టు మీద ఒక్క సంతకానికి కట్టిన బోనసు 19 లక్షలు. యుద్ధంలో చనిపోతే ఇంటికి ఇచ్చే పరిహారం, 2022 మార్చి ఉత్తర్వు ప్రకారం, 50 లక్షలు. పిల్లలు వద్దని ప్రచారం చేసిన సంస్థకు వేసే గరిష్ఠ జరిమానా కూడా అంతే. ఆ పరిహారాలు ఎందరికి ఇచ్చారన్న లెక్క ప్రభుత్వం చెప్పదు కాబట్టి, స్వతంత్ర వార్తా సంస్థ మీడియాజోనా విలేకరులు సంతాప ప్రకటనలు, సమాధుల మీది పేర్లు, వారసత్వ రిజిస్టర్లు ముందేసుకుని ఒక్కొక్క పేరూ రాసుకుంటున్నారు. లక్ష పేర్లు దాటాయి.