రాయి చూడ్డానికొచ్చాను సామీ!

మా జలదంకి చుట్టుపక్కల ఒక మనిషి చేను గట్టున గొంతుక్కూర్చుని రాయి వంక చూస్తున్నాడంటే అతను సర్వేయరైనా అయ్యుండాలి, పక్క చేనివాడితో తగాదా అయినా పెట్టుకుని ఉండాలి. రెండూ కాకపోతే రియల్ ఎస్టేటు. అదీ కాకపోతే గుప్తనిధులు. ‘ఊరికే చూస్తన్నా’ అనే జవాబు కావలి నుంచి ఉదయగిరి దాకా ఏ టీ కొట్టు దగ్గరా చెల్లదు. నా వ్యవహారం మాత్రం అచ్చంగా అదే. పాత సర్వే రాళ్లు, బెంచ్‌మార్కులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోయి, చూసి, ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి అన్నం తింటాను. అంతే. ఈ ‘అంతే’ దగ్గరే అందరికీ అనుమానం.

ఇంట్లోనూ పెద్ద మర్యాదేమీ లేదు. "బియ్యంలో రాళ్లు ఏరమంటే కళ్లు ఆనడం లేదంటారు. ఊరవతల గట్టు మీద రాయి మాత్రం భేషుగ్గా కనపడుద్ది" అంటుంది మా ఆవిడ. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉన్నా చెప్పే ధైర్యం లేదు.

ఈ జబ్బు అంటించింది డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు. శని, ఆదివారాలు వచ్చాయంటే పెళ్లాం బిడ్డల్ని వెంటేసుకుని పోయి, పెద్ద పెద్ద అంగళ్ల ముందు కార్లు నిలిపే చోట దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగు పైకెత్తి చూస్తాడు. దాని కింద చిన్న డబ్బా ఉంటుంది. డబ్బాలో చీటీ. చీటీ మీద తన పేరూ తారీఖూ రాసి, మళ్లీ అక్కడే పెట్టేసి, ఏదో సాధించినట్టు ఇంటికొస్తాడు. దీన్ని జియోకాషింగ్ అంటారట. పొగాకు అమ్మి ఇంజినీరింగు చదివించిన మా బావకి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఈ ఆట పుట్టుక కూడా సర్కారు చలవే. ఆకాశంలో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి వచ్చే సంకేతాన్ని వాళ్లు కావాలనే కొంచెం చెడగొట్టి వదిలేవాళ్లు. నువ్వెక్కడున్నావో చెప్పమంటే వంద మీటర్ల దాకా అటూ ఇటూ చెప్పేది. 2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ చెడగొట్టడం ఆపేసింది. ఒక్కరాత్రిలో గురి పదింతలు కుదిరింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర చెట్లలో ఒక నల్ల బకెట్ దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు లోకానికి చాటాడు. దాంట్లో పుస్తకాలు, కాస్త డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా. ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టాలి, పుస్తకంలో సంతకం చేయాలి, ఇంతే నియమం. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి అలాంటి డబ్బాలు 30 లక్షలకు పైనే ఉన్నాయి.

అమెరికావాడు అడవిలో చిక్కుడుగింజలు దాస్తే అది క్రీడ. మా మెట్టలో దాస్తే చేతబడి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేనల్లుడు పట్టుబట్టాడు, జలదంకిలో ఒక డబ్బా పెట్టాల్సిందేనని. టిఫిను డబ్బాలో ఒక ఉదయగిరి చెక్క గరిటె, ఒక తాళంచెవుల గొలుసు, ఒక నోటు పుస్తకం, పెన్సిలు సర్దాడు. మా వీధిలో రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆయన అరుగు మీద నుంచి ఇదంతా చూసి, "గరిటె ఎంత పడిందయ్యా?" అని అడిగారు. యాభైకి పైనే అన్నాం. "అయితే కలెక్టరుకి రాసుకోవాల" అన్నారు, నవ్వకుండా.

నిజమే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా బతికే ఉంది. నేలలో గానీ, నేలను అంటిపెట్టుకున్న దేనిలో గానీ దాచిన విలువైన వస్తువేదైనా ఆ చట్టం ప్రకారం నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. "మేం పూడ్చం పెదనాన్నా, తవ్వడం మా ఆటలో నిషేధం. చెట్టు తొర్రలో పెడతాం" అన్నాడు మావాడు. "చెట్టు నేలను అంటిపెట్టుకునే కదరా ఉండేది!" అన్నారాయన. నలభై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషితో వాదన పెట్టుకోకూడదు.

అయినా పెట్టాం. ఆట తెలియనివాళ్ల కంట పడకుండా పెట్టాలని ఇంకో నియమం ఉంది. మా వైపు ఎవరి కంటా పడకుండా ఒక పని చేయాలంటే ముందు ఊరు ఖాళీ చేయించాలి. పండగ సందడిలో ఎట్లాగో తొర్రలో పెట్టి వచ్చాం. కొన్నాళ్లకి పోయి చూస్తే చెట్టు మొదట్లో ఒక నిమ్మకాయ, కాస్త కుంకుమ. డబ్బాలో గరిటె లేదు. దాని బదులు నియమం తప్పకుండా సగం కాలిన బీడీ ఉంది. నోటు పుస్తకంలో ఎవరో పాల లెక్క రాసుకుంటున్నారు. సంతకం లేదు గానీ తారీఖులు మాత్రం వరసగా ఉన్నాయి. ఫోనులో చెప్తే మేనల్లుడు తెగ సంతోషపడ్డాడు, పుస్తకం వాడకంలో ఉందని.

అప్పుడు నాకు తట్టింది, మనం కొత్తగా దాచడం ఎందుకని. రెండువందల ఏళ్లుగా సర్కారే దేశమంతా రాళ్లు పాతి, గుర్తులు చెక్కి, అవెక్కడున్నాయో పుస్తకాల్లో రాసి పెట్టింది. వెతికేవాడే లేడు.

ఈ పని మొదలైంది మనకు దగ్గర్లోనే. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులో, పరంగిమలై దగ్గర ఉక్కు గొలుసు పరిచి సుమారు 12 కిలోమీటర్ల గీత కొలిచాడు. ఆ గీత మీద ఒక త్రికోణం, దాని మీద ఇంకో త్రికోణం, అట్లా కొండ నుంచి కొండకి పాకించుకుంటూ పోతే ఆ కొలతలు హిమాలయాల దాకా పోయి, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని తేల్చాయి. కోణాలు కొలిచే లాంబ్టన్ థియోడొలైటు అరటన్ను బరువు. 1808లో దాన్ని తంజావూరు పెద్ద గుడి మీదికి తాళ్లతో లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. ఆయనే వారాల తరబడి కూర్చుని సొట్టలు తీసుకున్నాడు.

నన్ను ఓదార్చే సంగతి మాత్రం వేరే. ఆ దొరల్ని కూడా జనం నమ్మలేదు! కొండెక్కి దుర్భిణి పెట్టేది మన ఆడవాళ్లను చూడ్డానికేనని చాలా చోట్ల గొడవలయ్యాయి. ఆ దుర్భిణుల్లో బొమ్మ తలకిందులుగా కనిపించేది. ఆ సంగతి బయటికి పొక్కాక అనుమానం ఏ స్థాయికి పోయుంటుందో మీరే ఊహించుకోండి. (తర్వాత సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ మాత్రం తెలివైనవాడు. ఊళ్లలో మాట్లాడి సమాచారం రాబట్టడానికి బొర్రయ్య, లక్ష్మయ్య అనే అన్నదమ్ముల్ని పెట్టుకున్నాడు. వాళ్ల ఇంటిపేరు కావలి, ఊరు ఏలూరు. మా కావలివాళ్లు కొందరు ‘మనోళ్లే’ అంటారు. నేను అడ్డు చెప్పను.)

త్రికోణాలయ్యాక ఎత్తుల పని. 1858లో మొదలుపెట్టి 1909 నాటికి లెక్క తేల్చారు. మద్రాసు, విశాఖపట్నంతో కలిపి తొమ్మిది రేవుల్లో సముద్రం ఆటుపోట్లు కొలిచి, సగటు మట్టం కట్టి, అక్కణ్నుంచి దేశం లోపలికి ఎత్తులు మోసుకొచ్చారు. దారి పొడుగునా కదలని రాయి ఏది దొరికితే దాని మీద, గుడిమెట్టు గానీ, వంతెన గోడ గానీ, ముసాఫరు బంగళా అరుగు గానీ, ‘జీటీఎస్ బీఎం’ అనే అక్షరాలూ బాణం గుర్తూ చెక్కారు. నాగపూర్ జీరో మైలు దగ్గరుండే గుర్తు ఎత్తు 1020.171 అడుగులు. అడుగులో వెయ్యో వంతు దాకా! కావలి స్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉండేది ఈ వంశంలోదే. రోజూ వేలమంది దాని ముందు నిలబడి రైలు ఎన్ని గంటలు లేటో చదువుకుంటారు గానీ దాన్ని చదివినవాణ్ని నేను చూడలేదు.

ఇంగ్లండులో నాలాంటి వాళ్లను పిచ్చివాళ్లనరు. రాబ్ వుడాల్ అనే ఆయన బ్రిటన్‌లో మిగిలున్న సర్వే దిమ్మెలు 6,190 ఒక్కటీ వదలకుండా చూసి, 2016లో ముగించాడు. పత్రికలు రాశాయి. నన్ను మాత్రం చామదల రోడ్డులో ఒక గొర్రెలాయన పట్టుకున్నాడు.

"యాడ్నించి సామీ?"

"జలదంకే."

"ఏం చేస్తన్నావు?"

"రాయి చూస్తన్నా తాతా."

"కొంటావా?"

"లే."

"అమ్మతావా?"

"నాది కాదు."

"తవ్వతావా?"

"తవ్వను."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మరి నీకేం కష్టమొచ్చింది నాయనా?" అన్నాడు, నిజంగా జాలితో.

ఇట్లాంటి గుర్తులు నేల సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉందో చెప్తాయని వివరించాను. "సముద్రం తుమ్మలపెంట కాడ గదా ఉండేది, దాని ఎత్తుతో మనకేం పని?" అన్నాడు. కాలవ తవ్వాలంటే ఎత్తుపల్లాలు తెలియాలి తాతా, నీళ్లు పల్లానికి గదా పారేది అన్నాను. "పై చేనోడు మడవ తియ్యకపోతే ఏ పల్లానికీ పారవు" అన్నాడు. సర్వే ఆఫ్ ఇండియా 1767 నుంచీ ఉంది గానీ ఈ ముక్క వాళ్ల పుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు. తర్వాత ఆయనే నన్ను ముళ్లకంప పక్కకు తీసుకుపోయి, మూడు ఊళ్ల హద్దులు కలిసే చోట రాయి చూపించాడు. గొర్రెలు దానికి ఒళ్లు రుద్దీ రుద్దీ ఒక పక్క అద్దంలా నున్నగైంది.

మా వైపు రాళ్ల బతుకులే అంత. కొన్నింటికి పసుపూ కుంకుమా. కొన్నింటి మీద కొడవళ్లు నూరతారు. ఒకటి రేవు దగ్గర బట్టలుతికే బండైంది. ఒకటి ఎనుముని కట్టేసే గుంజ. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం చేనున్నవాడే తన సర్వేరాళ్లను కాపాడుకోవాలి, పీకితే శిక్ష. ఎనుముని కట్టేయొచ్చా లేదా అన్నది రిటైరైన పెద్దాయన్ని అడిగాను. ఆలోచించి చెప్తానన్నారు.

ఒకసారి ఎవరో చెప్పగా ఒక కానిస్టేబులు బండి మీద వచ్చాడు. తవ్వే సామాను ఏదీ లేదని సంచి వెతికి నిర్ధారించుకున్నాక, గొంతు తగ్గించి, "సార్, మా ప్లాటు రాయి ఒకటి చూసి పెడతారా, పక్కోడు జరిపినాడని అనుమానం" అన్నాడు. ఈ వ్యసనంలో అసలు ప్రమాదం పోలీసులు కాదు. ఊళ్లో ఏ గట్టు తగాదా వచ్చినా ‘రాళ్లాయన్ని’ పిలుచుకురమ్మంటున్నారు. నేను బాణం గుర్తు ఉందా లేదా అని చూస్తుంటే, రెండు పక్షాలవాళ్లూ నేను అవతలివాడి దగ్గర ఎంత తీసుకున్నానో చూస్తుంటారు.

2020 డిసెంబరులో మా రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైనప్పుడు నాలాంటివాళ్లకు పండగే అనుకున్నాను. డ్రోన్లు, ఉపగ్రహాలు, గ్రానైటు రాళ్లు లక్షల్లో. తీరా వాటి మీద బాణం కంటే పెద్ద చర్చ పేరు గురించి నడిచింది. అప్పటి ముఖ్యమంత్రి పేరు చెక్కారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరు తీసేయాలని నిర్ణయించారు. చెక్కడానికో ఖర్చు, చెరపడానికో ఖర్చు. దొరలు అన్ని రాళ్లు చెక్కించి నేను చూసిన ఒక్కదాని మీదా తమ పేరు వేసుకోలేదంటే వాళ్లకు ఎన్నికలు లేవు గనక అని సరిపెట్టుకున్నాను.

చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఊళ్లో పాత వంతెన గోడ మీదో, గుడిమెట్టు మీదో, చెరువు తూము రాతి మీదో బాణం గుర్తు కనిపిస్తే ఒక ఫొటో తీసి, ఎక్కడుందో రాసి పెట్టుకోండి. రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి అక్షరాలు రావు. పసుపు పూస్తే పూశారు గానీ, దాని మీద సున్నం మాత్రం కొట్టబాకండి.