మెట్లెక్కని బూటు

నా లోపల, మడమ ఆనే చోట, రూపాయి బిళ్ళంత పసుపు మరక ఉంది. సర్ఫు నీళ్ళలో నానబెట్టినా, పాత బ్రష్షుతో రుద్దినా అది వదల్లేదు. కొన్నాళ్ళకు మా టీచరమ్మ రుద్దడం మానేసింది. అలిపిరి మెట్ల మీది పసుపు అది. నేను ఒక్కసారి కూడా ఎక్కని మెట్లు.

నేను ఎడమ బూటును. తిరుపతి గాంధీరోడ్డులో ఒక అంగట్లో నన్నూ నా జతనూ కొన్న రోజు ఆమె ముందు కుడిదాన్నే తొడిగి చూసింది. మన వైపు అంతే కదా. కొత్తకోడలు గడప దాటేది కుడికాలితో, కొత్త ఇంట్లోకి అడుగు పెట్టేదీ కుడికాలితోనే. రెండో వంతు నాకు అలవాటైంది. అయితే నా వంతు ముందుకొచ్చిన రోజు ఒకటుంది. అది చెప్పుకోవాలనే ఇదంతా.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె వసారాలో కూర్చుని లేసులు కట్టుకునేది. కపిలతీర్థం ముందునుంచి అలిపిరి, అక్కణ్ణుంచి జూపార్కు రోడ్డు పట్టుకుని చెర్లోపల్లి, ఓపికున్న ఆదివారాల్లో శ్రీనివాసమంగాపురం దాకా మా పరుగు. వెళ్ళేటప్పుడు కుడివైపు కొండ చీకటిగా తోడొస్తుంది. తిరిగొచ్చేసరికి దాని రాళ్ళు ఎర్రబడి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళకు కూడా తారులో ముందురోజు ఎండ మిగిలే ఉంటుంది. అది నా అట్టలోంచి ఆమె అరికాలికి తెలుస్తుంది. బడి వేళకు ఇంట్లో వంట కావాలి కాబట్టి ఏడుకల్లా గేటు తీసుకుని లోపలికొచ్చేసేది.

నా మడమ కింద ఉన్నది నురుగులాంటి పదార్థం. నిండా కంటికి కనబడని గాలిగదులు. అడుగు పడినప్పుడల్లా అవి నలుగుతాయి, లేస్తాయి. రాత్రంతా అరుగు మీద ఉంటే తేరుకుంటాయి. అయిదారు వందల కిలోమీటర్లు దాటాక ఆ తేరుకోవడం తగ్గుతూ వస్తుంది. అందుకే పరిగెత్తేవాళ్ళు బూట్ల వయసును కిలోమీటర్లలో లెక్కేస్తారు. ఆమె నా లెక్క బడి డైరీ చివరి పేజీలో రాసేది.

పెరటాసి నెల వస్తే శనివారాలు వేరే. మా చిత్తూరు సీమలో ఆ నెల శనివారాలంటే నామాలు పెట్టుకోవడం, ఒంటిపూట ఉండటం, ఇంట్లో తళిగ పెట్టి గోవింద కొట్టడం. ఆమె అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కేది. పాదాల మండపం దగ్గర చెప్పుల స్టాండులో నన్ను వదిలి, టోకెను కొంగున కట్టుకుని వెళ్ళేది. 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దారి. ఆ మండపంలో భక్తులు స్వామి పాదుకలను తల మీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. కాలికి వేసుకునేదాన్ని మనిషి నెత్తిన పెట్టుకునే చోటు అది. ఆ పక్కనే వందల జతల మధ్య గూట్లో కూర్చుని, నేను ఆమె కోసం చూసేదాన్ని.

మెట్లకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కే మొక్కు చాలామంది ఆడవాళ్ళకుంటుంది. వాళ్ళ పసుపు వెనకొచ్చేవాళ్ళ పాదాలకు అంటుతుంది. సాయంత్రం బస్సులో దిగొచ్చి ఆమె కాలు నాలో పెట్టినప్పుడు, ఆ కాలు వాచి, వేడిగా, పసుపు వాసనతో ఉండేది. పైన మోకాళ్ళ మెట్టు ఎలా ఉంటుందో, గాలిగోపురం దగ్గర గాలి ఎటునుంచి వీస్తుందో ఆ కాలిని బట్టి ఊహించుకోవడమే నాకు మిగిలింది.

నా వంతు ముందుకొచ్చిన ఆ రోజు గోవాలో వచ్చింది. ఆ గోవా సంగతి తెచ్చినవాడు పాకాల తమ్ముడు. చిత్తూరు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని, ఖాళీ దొరికితే సైకిలు. బంగారుపాళ్యం దాటాక వచ్చే మొగిలి ఘాట్ ఎక్కి దిగడం వాడికి ఆదివారం పూజ. ఒకనాడు జూపార్కు రోడ్డులో ఆమె పక్కన సైకిలు నెమ్మది చేసి అడిగాడు.

"టీచరక్కా, గోవాలో ట్రయాథ్లాన్ ఉండాది. ముగ్గురు గలిసి చేయొచ్చంట. ఒకరు ఈదాల, ఒకరు తొక్కాల, ఒకరు పరిగెత్తాల. ఆఖర్న నువ్వు."

"ఈదేదెవరబ్బా?"

"మామ ఉండాడు గదా!"

మామంటే బంగారుపాళ్యం మామిడితోట రైతు, యాభై రెండేళ్ళ మనిషి. చిన్నప్పుడు వీపుకు బెండు కట్టి నాన్న వ్యవసాయ బావిలోకి తోస్తే ఈత వచ్చినవాడు. బావిలో గంటసేపు చుట్లు తిరగగలడు కానీ అప్పటికి సముద్రంలో ఈదింది లేదు. పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చి గూడూరు వైపు మండలాలను కలిపాక తిరుపతి జిల్లాకు తీరం వచ్చింది. మామ వాకాడు మండలం తూపిలిపాళెం పోయి, ఒడ్డున తమ్ముణ్ణి కాపలా పెట్టి అలలు నేర్చుకున్నాడు. మొదటి రోజు ఉప్పునీళ్ళు మింగి కక్కుకున్నాడట. రెండో వారం మళ్ళీ వెళ్ళాడు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం అక్కణ్ణుంచి మొదలు.

ఈ పోటీ పేరు ఐరన్‌మ్యాన్ 70.3. ఆ 70.3 మైళ్ళ లెక్క. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు కలిపితే అంతవుతుంది. 1978లో హవాయిలో పదిహేను మందితో మొదలై పన్నెండు మంది పూర్తిచేసిన ఐరన్‌మ్యాన్ పోటీకి ఇది సగం దూరం. గోవాకు 2019 అక్టోబరు 20న మొదటిసారి వచ్చింది. కరోనా రెండేళ్ళూ జరగలేదు. మా ముగ్గురి వంతు 2023 అక్టోబరు 8, ఆదివారం.

దానికి ముందురోజు పెరటాసి మూడో శనివారం. ఆమె అలిపిరిలో ఉండాల్సిన రోజు. అది తప్పుతుందని ఆమెకు దిగులు. సైకిలు బండి పైన కట్టుకుని పలమనేరు, కోలారు, బెంగళూరు, హుబ్బళ్ళి మీదుగా వెళ్తూ, బొరుగులూ చెనక్కాయలూ నములుతూ మామ అన్నాడు: "స్వామి యాడికీ పోడమ్మా. నాలుగో శనివారం ముగ్గురం గలిసి ఎక్కుదాం." పణజిలో దిగిన గదిలో ఆమె గోడవైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, ఒంటిపూట తిని పడుకుంది. నన్ను మంచం కింద, వేళ్ళ కొస తలుపు వైపుండేలా సర్దింది.

తెల్లారి మీరామార్ బీచిలో మామ ఎడమ చీలమండకు ఒక పట్టీ కట్టారు. అందులో చిప్పు ఉంటుంది. దారిలో పరిచిన చాపల మీదుగా అది దాటినప్పుడల్లా కాలం నమోదవుతుంది. సైకిలుకు గొలుసూ పళ్ళచక్రమూ కుడివైపు ఉంటాయి కాబట్టి దాన్ని ఎడమకాలికే కట్టుకుంటారు. పరుగుపందెం రిలేలో చేతికర్ర మారినట్టు ఇక్కడ ఈ పట్టీ మారుతుంది. ఒలింపిక్స్ రిలే పద్ధతి వేరు. అక్కడ నలుగురిలో ఒక్కొక్కరూ ఈదడం, తొక్కడం, పరిగెత్తడం మూడూ చేసి, తర్వాతివాళ్ళకు చెయ్యి తగిలిస్తారు. 2024 ఆగస్టులో పారిస్‌లో జర్మనీ తరఫున ఆఖరి వంతు పరిగెత్తిన లౌరా లిండెమన్ చివరి మీటర్లలో ముందుకు దూకి బంగారం తెచ్చిన తీరును టీచరమ్మ ఫోనులో పదిసార్లు చూసింది. ఆఖరి మనిషి బాధ ఏంటో ఆమెకు అప్పటికే తెలుసు.

ఆ బాధ ఎదురుచూపు. మామ యాభై రెండు నిమిషాల్లో ఇసుకా ఉప్పూ కారుతూ ఒడ్డుకొచ్చి పట్టీ తమ్ముడికిచ్చాడు. పదకొండుంబావుకల్లా తమ్ముడు వస్తాడని లెక్క. పది నుంచే ఆమె నా లేసులు కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. మడమ జారకుండా చివరి కన్నంలోంచి తిప్పి బిగించింది. లోపల వేళ్ళు ఒకటొకటే ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. పదకొండుంబావు దాటింది. పదకొండున్నర దాటింది. పక్కన నిలబడ్డ పరుగువాళ్ళు ఒక్కొక్కరే పట్టీ అందుకుని వెళ్ళిపోతున్నారు. తమ్ముడికి ఏమైందో తెలియదు, అడగడానికి ఫోను లేదు. ఈదే మనిషికీ తొక్కే మనిషికీ చేతిలో పని ఉంటుంది. ఆఖరి మనిషికి పొద్దున్నుంచీ ఉన్న పనల్లా ఇద్దరి క్షేమం కోరుకోవడమే. అలిపిరి గూట్లో నేను చేసే పని ఆ రోజు ఆమె చేసింది.

పన్నెండుకు అయిదు నిమిషాలప్పుడు వాడు కనిపించాడు. సైకిలు దిగి దాన్ని స్టాండులో తగిలించి, క్లీట్ల బూట్లతో టకటకా పరిగెత్తుకొచ్చాడు. చేతుల నిండా గ్రీజు.

"పంచరైపోయిందక్కా. ట్యూబు మార్చినా మళ్ళీ పోయింది..." వాడి గొంతు పూడుకుపోయింది.

"తెచ్చినావు గదా. పో, నీళ్ళు తాగుపో."

వంగి పట్టీ విప్పి తన ఎడమ చీలమండకు చుట్టుకుంది. సరిగ్గా నా అంచు మీద. తడిగా ఉంది అది. ఉప్పు వాసన, గ్రీజు వాసన, ఇద్దరు మగవాళ్ళ చెమట. పట్టీకీ సాక్సుకూ మధ్య ఒక ఇసుక రేణువు చిక్కుకుని ఉంది. మామ ఈదొచ్చిన నీళ్ళలోది. ఆ రేణువు మాతోపాటు 21 కిలోమీటర్లూ వచ్చింది, అడుగడుక్కీ నా అంచును గీరుతూ.

మిట్టమధ్యాహ్నం. తిరుపతి ఎండ పొడిగా కాలుస్తుంది, గోవా ఎండ ఉడకబెడుతుంది. నీళ్ళిచ్చే బల్లల దగ్గర ఆమె తలమీద పోసుకున్న నీళ్ళన్నీ కాలెంట జారి నాలోకే వచ్చాయి. ఆ తడికీ వేడికీ నా లోపలి మరక మేలుకున్నట్టు పసుపు వాసన వచ్చింది. ఆ దూరానికి ఇరవై వేల పైచిలుకు అడుగులు పడతాయి, అందులో సగం నావి. మొదటి ఐదు కిలోమీటర్లు ఆమె త్వరపడింది. తమ్ముడు పోగొట్టుకున్న నలభై నిమిషాలను తనొక్కతే వెనక్కి తెచ్చేద్దామనుకుంది. పన్నెండో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన స్తంభం పట్టుకుని నిలబడింది. కాలు నాలో వణుకుతోంది. అప్పుడామె ఆ నలభై నిమిషాలను వదిలేసిందని నాకు కాలి బరువు మారడంలో తెలిసింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అడుగు చిన్నదైంది, మడమ నెమ్మదిగా ఆనింది.

దోనాపావుల దగ్గర ఎత్తు వస్తుంది. అక్కడ ఆమె గొణగడం విన్నాను. ఎడమకాలు పడ్డప్పుడల్లా ఒక మాట. గోవిందా. కుడికాలికి ఊపిరి. మళ్ళీ ఎడమకాలు, గోవిందా. మోకాళ్ళ మెట్టు దగ్గర ఆమె ఎలా ఎక్కుతుందో నాకా క్షణాన తెలిసింది. ఇన్నాళ్ళూ వట్టి పాదాలు మాత్రమే విన్న మాట, ఆమె నుంచి నా మీద పడింది. కొండకు ఎన్నో ఊళ్ళ దూరాన, ఎవరూ పసుపు రాయని తారు మీద, నేను మెట్లెక్కాను.

గీత దాటేసరికి రెండు గంటల ఇరవై దాటింది. ముగ్గురి కాలం కలిపి ఏడు గంటల ఇరవై ఆరు నిమిషాలు, గడువుకు గంట ముందు. మామ ఆమె మెడలో పతకం చూసి ఏడ్చాడు. తమ్ముడు దూరంగా నిలబడి ఉంటే ఆమే వెళ్ళి పతకం తీసి వాడి మెడలో వేసింది. చిప్పు పట్టీ వెనక్కిచ్చేయాలి. అది విప్పినప్పుడు ఇసుక రేణువు నా నాలిక కిందికి జారి అక్కడే ఉండిపోయింది.

అక్టోబరు 14, నాలుగో శనివారం. మర్నాటి నుంచి నవరాత్రి బ్రహ్మోత్సవాలు కావడంతో అలిపిరిలో జనం పోటెత్తారు. ఆ ఏడాది ఆగస్టులో చిరుతపులి నడకదారిలో ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకుంది. ఆ బాధ ఇంకా ఊరిని వదల్లేదు. పిల్లల చెయ్యి ఎవరూ విడవకుండా ఎక్కుతున్నారు. ముగ్గురూ ఒకే గూట్లో మమ్మల్ని పెట్టారు. మామ టైరు చెప్పులు, తమ్ముడి రబ్బరు చెప్పులు, మధ్యలో నేనూ నా జతా. టోకెను మామ పంచె కొసన కట్టుకున్నాడు. పాదుకలు తలకెత్తుకున్నవాళ్ళ గోవిందలు పక్క మండపంలోంచి వినిపిస్తూనే ఉన్నాయి.

చీకటి పడి చాలాసేపయ్యాక వచ్చారు. కాసేపు ముగ్గురూ మెట్టు మీద కూర్చుని కాళ్ళు పిసుక్కున్నారు. ఆమె లేసులు వదులు చేసి ముందు నన్నే అందుకుంది. కాలు లోపలికొచ్చింది, వేడిగా, పసుపు పసుపుగా.

"ఏందో గుచ్చుకుంటా ఉంది," అంది. నన్ను తీసి బోర్లించి దులిపింది. ఇసుక రేణువు రాలలేదు. మళ్ళీ తొడుక్కుంది.

"పదండి. పొద్దున బడుంది," అనబోయి, ఆదివారమని గుర్తొచ్చి, "పొద్దున మంగాపురం దాకా పోదామా?" అంది తమ్ముడితో.