గాలి ఎటు వీస్తోందో చెప్పేదాన్ని

నేను పుట్టింది హైదరాబాద్‌లోని జహనుమాలో, షామియానాలూ స్కూలు సంచులూ కుట్టే ఒక చిన్న దుకాణంలో. రాణీగంజ్‌లో సేఫ్టీ సామాన్లు అమ్మేవాళ్లు ఆర్డరిస్తే, ఉస్తాద్ నారింజ, తెలుపు పట్టీల గుడ్డను ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నంగా కత్తిరించి కుట్టాడు. వెడల్పు కొసకు ఇనుప కడియం బిగించాడు. పని నేర్చుకునే కుర్రాడు కడియం దగ్గర ఒక్క వరస కుట్టే వేస్తే విప్పించాడు. "డబుల్ సిలాయీ వెయ్ బేటా! దీన్ని చూసుకునే మనుషులు ఉరుకుతరు" అన్నాడు. అలా నేను గాలిసంచినయ్యాను. ఫ్యాక్టరీలో నన్ను విండ్ సాక్ అంటారు.

ఇప్పుడు నేనుండేది ఒక ఎరువుల కర్మాగారంలో, అమ్మోనియా ట్యాంకు పక్కన ఎత్తయిన స్తంభం మీద. రైతు ఇంటికి చేరే 45 కిలోల యూరియా బస్తాలోంచి విషవాయువేమీ ఎగజిమ్మదు. అయితే ఆ ఒక్క బస్తా తయారు కావడానికి సుమారు 26 కిలోల అమ్మోనియా కావాలి. దాన్ని మైనస్ 33 డిగ్రీల చల్లదనంలో ద్రవంగా నిల్వ చేస్తారు. గాలికన్నా తేలిక కదా, పైకి పోతుందిలే అని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. ద్రవం లీకైతే అలా జరగదు. గాలిలోని తేమతో కలిసి చల్లటి తెల్లపొగై నేలబారున పాకుతుంది, కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది. అప్పుడు తలెత్తి నన్ను చూడాలి. నా తోక ఎటుంటే గ్యాసు అటే పోతోందని అర్థం. అటు పరుగెత్తకూడదు. గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, ఆ తర్వాత గాలి వచ్చే వైపుకు వెళ్లాలి.

నిజానికి నా అవసరం లీకయ్యాకే. అసలు లీకు కానివ్వని పనులన్నీ కింద, నేలమీద జరుగుతాయి. వాటిమీదే నాకు గౌరవం ఎక్కువ. ట్యాంకర్ వచ్చి ఆగగానే చక్రాలకు అడ్డు పెడతారు. డ్రైవర్ దగ్గర తాళంచెవి తీసేసుకుంటారు, హోస్ తగిలించి ఉండగా బండి కదిలితే ఇక ఆపేవాళ్లుండరు. హోస్ ఎక్కడైనా ఉబ్బిందా, పగిలిందా అని చేత్తో తడిమి చూస్తారు. రాగి, ఇత్తడి ఫిట్టింగులను దరిదాపులకు రానివ్వరు, తేమ తగిలిన అమ్మోనియా వాటిని తినేస్తుంది. ట్యాంకు నిండా నింపరు, వేడికి ద్రవం పెరుగుతుంది కనుక పైన ఖాళీ వదులుతారు.

ఒకసారి తెల్లవారుజామున, షిఫ్టు మారే వేళ, హోస్ జాయింటులో గ్యాస్కెట్ దగ్గర సన్నగా తెల్లపొగ లేచింది. రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఆ జాయింటు మీద అనుమానం ఉందని లాగ్‌బుక్‌లో రాసి వెళ్లాడు. పొద్దుటి షిఫ్టు అతను అది చదివాడు కాబట్టే మాస్కు పెట్టుకుని వెళ్లి వాల్వు మూయగలిగాడు. మిగతావాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు. పొగకు అడ్డంగా నీటితెర లేపారు, అమ్మోనియాను నీరు ఇట్టే పీల్చుకుంటుంది. కింద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు కొట్టలేదు. కొడితే ఇంకా ఎక్కువ ఆవిరి లేచేది. వాసన గేటు దాటలేదు. రెండు ముక్కలు రాసిపెట్టిన ఆ ఆపరేటర్‌ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అన్నిచోట్లా అలా జరగలేదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో, లాక్‌డౌన్‌లో మూతబడి ఉన్న ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఎగసి 12 మందిని బలి తీసుకుంది. సైరన్ మోగించనేలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. అదే ఏడాది జూన్ 27న నంద్యాలలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. 2023 డిసెంబర్ 26 రాత్రి చెన్నై దగ్గర ఎన్నూరులో సముద్రంలోని పైపు నుంచి అమ్మోనియా వెలువడి, నిద్రలో ఉన్న మత్స్యకారుల వాడలు వీధుల్లోకి పరుగెత్తాయి. జహనుమా మిద్దెల మీద పతంగులెగరేసే పిల్లలకు గాలి మళ్లిందని చేతిలోని దారమే చెబుతుంది. రసాయనాల పక్కన బతికే ఊళ్లకు ఆ ఎరుక ఎవరు నేర్పారు?

భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత, 1989లో వచ్చిన నియమాల ప్రకారం ప్రమాదకర రసాయనాలను పెద్ద మొత్తంలో నిల్వ చేసేవాళ్లు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. అమ్మోనియా ఎరువుల ఫ్యాక్టరీల్లోనే కాదు, ఐస్ ఫ్యాక్టరీల్లోనూ కోల్డ్ స్టోరేజీల్లోనూ ఉంటుంది. మీ ఇల్లు అలాంటిచోటికి దగ్గరైతే గేటు దగ్గరికి వెళ్లి అడగండి. డ్రిల్ ఎప్పుడు, సైరన్ ఎలా మోగుతుంది, మా వాడ ఎటు వెళ్లాలి అని అడగండి. అక్కడ నాలాంటిది చిరిగిపోయి కనిపించినా, కడియం తుప్పుపట్టి తిరగకుండా బిగుసుకుపోయినా చెప్పండి. అలాంటిది దిక్కు తప్పు చూపిస్తుంది. వెంటనే మార్పించండి.