ఆలుమగలు కలిసి గుత్తివంకాయ వండు విధానం

మొదలుపెట్టే ముందు మన పెద్దలు ఏం చేశారో చూద్దాం. వంటలో పేరుపడ్డ మగవాళ్లు మనకి ఇద్దరు, నలుడూ భీముడూ. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు మాంసం వండితే దమయంతి ఒక ముక్కని దాసి చేత తెప్పించుకుని, నోట్లో వేసుకుని, వండింది తన మొగుడేనని తేల్చుకుంది. వంటింట్లోకి మాత్రం వెళ్లలేదు. భీముడు విరాటుడి వంటశాలలో ఉన్నన్నాళ్లూ ద్రౌపది సుదేష్ణ అంతఃపురంలోనే ఉంది. ఒక్క రాత్రి వంటశాలకి వెళ్లింది, ఆ ఒక్కసారికే కీచకుడి ప్రాణం పోయింది. అంతెందుకు, గుత్తివంకాయ కూర మీద బసవరాజు అప్పారావు గారు రాసిన పాటలో కూడా మరదలు తనే వండేసి బావని తినడానికి పిలుస్తుంది. కాస్త సాయం పట్టవోయ్ అని అడగదు.

ఇదంతా తెలిసి కూడా మీరిద్దరూ కలిసి వండుకుంటామంటే, ఆదివారం చూసుకుని మొదలుపెట్టండి. అలిగితే సర్దుకోవడానికి సాయంత్రం దాకా టైముంటుంది.

మాది హనుమకొండ, మా ఆవిడది తెనాలి. మసాలా సంగతి తర్వాత, ఈ కూరకి కావాల్సిన కారమంతా ఇందులోనే ఉంది.

వంకాయలకి రైతుబజారుకి ఇద్దరూ కలిసే వెళ్లాలి. విడిగా వెళ్తే తిట్టడానికి మనిషి దొరకదు. అరకిలో చాలు, చిన్న కాయలైతే పది పన్నెండు తూగుతాయి. తొడిమ పచ్చగా ఉండాలి. ఒకే సైజువి రెండు చేతిలోకి తీసుకుని తేలికైనదాన్ని బుట్టలో వేయాలి, బరువుది గింజ పట్టి ఉంటుంది. ఈ పరీక్ష నేను చేస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడి నేను వేసిన ప్రతి కాయనీ తీసి మళ్లీ తూచింది. రైతుకీ కొనేవాడికీ మధ్య దళారీ ఉండకూడదని 1999లో ఈ బజార్లు పెట్టారు. ఆలుమగల మధ్య దళారీల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆ దళారీలు ఇంటికొచ్చాక ఫోన్లో వస్తారు.

కూరలో కూరేది ఏమిటన్న దగ్గర మొదటి ఫోను మోగుతుంది. తెనాలి లెక్కలో శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, జీలకర్ర దోరగా వేయించి, ఎండుకొబ్బరి, చింతపండు, ఉప్పు చేర్చి పొడి కొట్టాలి. మా లెక్కలో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఎల్లిపాయ, చింతపండు కలిపి మెత్తగా నూరాలి. రెండూ మంచివే. అయితే ఈ మాట వంటింట్లో అనకూడదు, అంటే రెండు వైపులా శత్రువులవుతారు.

"పల్లీలు ఏంచినవా బిడ్డా? నువ్వులు మాడనియ్యకు," అని మా అమ్మ స్పీకర్‌లో అంటుండగానే రెండో ఫోన్లోంచి మా అత్తగారు, "వంకాయలోకి వేరుశనగ్గుళ్లెందుకే? అల్లుడుగారు చట్నీ చేస్తున్నారా?" అన్నారు. ఇలాంటప్పుడు మొగుడు చేయాల్సిన పని ఒక్కటే, మిక్సీ ఆన్ చేయడం. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. జార్ ఖాళీగా ఉన్నా పరవాలేదు.

చింతపండు దగ్గర మళ్లీ ఆగాలి. నిమ్మకాయంత అని ఇద్దరమ్మలూ ఒకే మాట చెప్తారు. ఎవరి ఊరి నిమ్మకాయంతో చెప్పరు.

కాయలు చీల్చే పని నాకిచ్చారు. తొడిమ ఊడకుండా, కింద నుంచి నిలువునా ఒక గాటు, అడ్డంగా ఇంకో గాటు పెట్టి, నాలుగు రెక్కలూ విడిపోకుండా పట్టుకోవాలి. గాటులో వేలు పెట్టి కాస్త తెరిచి వెలుతురుకి చూడాలి, పురుగుంటే అక్కడే తెలుస్తుంది. చూసిన కాయని చూసినట్టే ఉప్పునీళ్లలో వేయాలి, లేకపోతే నల్లబడుతుంది. నేను మూడో కాయలో పురుగు కనిపెట్టి గర్వంగా చూపించాను. "అది మీరు ఏరిందే," అంది మా ఆవిడ.

సినిమాల్లో హీరో వెనక నుంచి వచ్చి నడుం పట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. మా ఇంట్లో కత్తిపీట ఉంది. నేల మీద కూర్చుని తరిగే మనిషిని వెనక నుంచి కౌగిలించుకోవాలంటే ముందు మోకాళ్ల మీదికి దిగాలి, దిగితే లేవడానికి స్టవ్ గట్టు పట్టుకోవాలి. అక్కడ వేడి బాండీ ఉంటుంది. ప్రేమ ఉంటే పచ్చిమిర్చి తొడిమలు తీసిపెట్టండి, చాలు.

ఇక నేను పోపంటాను, ఆవిడ తిరగమోతంటుంది, పక్క ఫ్లాటు కడపావిడ తాలింపంటుంది. మాటలు మూడైనా మాడే ఆవాలు ఒకటే. ఆ చర్చ నడుస్తుండగా మా ఆవాలు మాడాయి, నూనె పారబోసి మళ్లీ పెట్టాం.

అసలు కిటుకు మూతలో ఉంది. కూరిన కాయల్ని నూనెలో పక్కపక్కనే పరిచి, సన్నసెగ పెట్టి, మూత బదులు లోతున్న పళ్లెం బోర్లించకుండా పెట్టి అందులో గ్లాసుడు నీళ్లు పోయాలి. పళ్లెం అడుగున ఆవిరి చెమటలా పట్టి కాయల మీదే రాలుతుంది, కూర అడుగంటదు. పావుగంట దాకా గరిటె పెట్టకూడదు. ఇద్దరున్న వంటింట్లో జరగని పని ఇదొక్కటే. "ఒక్కసారి చూద్దామా" అని ఆవిడ, "మాడుతున్నట్టుందే" అని నేను, పావుగంటలో ఆరుసార్లు పళ్లెం ఎత్తాం. రెండు కాయల రెక్కలు ఊడాయి. వాటిని కదిపిన చెయ్యి ఎవరిదన్నది ఇప్పటికీ విచారణలో ఉంది.

ఉప్పు గురించి మా కిందటి అనుభవం ఏమిటంటే, ఇద్దరూ వేశాం. అందుకని ఈసారి ఎవరి మటుకు వాళ్లం రెండోవాళ్లు వేశారనుకుని ఊరుకున్నాం. మొదటి ముద్ద పెట్టుకున్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ మాట్లాడకుండా ఆవకాయ జాడీ మధ్యకి జరుపుకున్నాం. ఇద్దరమ్మలూ వీడియో కాల్‌లో ఎలా కుదిరిందని అడిగితే బ్రహ్మాండం అన్నాం. ఆ రోజు మేమిద్దరం ఒక్కమాట మీదున్నది అప్పుడే.

చివరికి గిన్నెలో ఒక్క కాయ మిగిలింది. "మీరేసుకోండి," అంది. "నువ్వేసుకో," అన్నాను. అది చల్లారేదాకా మర్యాదలు చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టాం. మర్నాడు పొద్దున నేను ముందు లేచి, పిల్లిలా వెళ్లి తలుపు తీశాను.

గిన్నె ఉంది. అందులో తొడిమ ఉంది.