అంకాపూర్‌లో నోరు మూసుకోవడం ఎట్లా?

కాలు బెణికితే సలహా చెప్పేవాళ్లు నలుగురు. గొంతు పోతే ఊరంతా డాక్టర్లే. అందునా నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పక్కన అంకాపూర్‌లో గొంతు పోగొట్టుకున్న మనిషికి రోగం కన్నా పలకరింపులే బరువు. "ఏమైందే నీ గొంతుకు?" అని అడగనివాళ్లు ఉండరు. జవాబు చెప్పాలంటే గొంతు కావాలి. చెప్పకపోతే "పంట పైసలొచ్చినయ్, ఇంకేం మాట్లాడుతడు!" అన్న మాట పడాలి.

అందరి మందూ ఒకటే. "పాలల్ల పసుపేసుకొని తాగు, పొద్దుగాల్లకు సాఫైతది." పసుపు పండించే ఊరు ఇంకో మందు చెబుతుందా? జాతీయ పసుపు బోర్డే 2025లో నిజామాబాద్ వచ్చి కూర్చుంది. ఇక పసుపును శంకించే ధైర్యం ఎవరికుంటుంది!

శరీరానికి మాత్రం ఊరి అభిమానం పట్టదు. మింగిన పాలు అన్నవాహికలోకి పోతాయి. మాట పుట్టించే స్వరతంత్రులు ఉండేది గాలిగొట్టం మొదట్లో. మింగేటప్పుడు ఆ దారికి మూత పడుతుంది. గ్లాసెడు పసుపు పాలలో ఒక్క చుక్క కూడా వాటిని తాకదు. తాకిందంటే వచ్చేది పాట కాదు, పొలమారిన దగ్గు. వెచ్చగా దిగుతుంటే హాయి, ఒంటికి కాస్త తడి. ఆ మేరకు తాగొచ్చు.

ఈ స్వరతంత్రులు రెండే. మామూలుగా మాట్లాడేటప్పుడే మగవాళ్లలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవాళ్లలో 200 సార్ల దాకా అదురుతాయి. జలుబు చేసి వాచిపోతే సరిగా కలవవు, మాట బొంగురుపోతుంది. చాలామందికి ఈ వాపు వారం, రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మూలం వైరస్ అయినప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు.

జలుబు లేకుండానే గొంతు పోగొట్టుకునే ఏర్పాట్లూ ఊళ్లో ఉన్నాయి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పుతారు. పొట్టు రాలి పసుప్పచ్చటి దుమ్ము లేస్తుంది. ముక్కుకు తువ్వాల కట్టినవాడు కూడా డ్రమ్ము మోతలో కేకేయాల్సొస్తే దాన్ని కిందికి లాగి మరీ కేకేస్తాడు. దుమ్మంతా లోపలికి! మోతలో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో రాశాడు. అంకాపూర్ పచ్చి మక్కల బజారుకు వచ్చి ఉంటే ఒక్క పూటలో తేల్చేసేవాడు.

ఆపైన రాత్రి దేశీకోడి కూర. ముందు చెబితే వండి పెట్టే అంకాపూర్ కోడికి హైదరాబాద్ దాకా పేరుంది. తప్పు కోడిది కాదు, వేళది. పొద్దుపోయాక ఘాటుగా లాగించి వెంటనే నడుం వాలిస్తే కడుపులోని ఆమ్లం పైకి తన్నుకొచ్చి స్వరతంత్రులను రేపుతుంది. తెల్లారి చూస్తే కోడి కూతతో పాటు మనిషి కూత కూడా పోయి ఉంటుంది. ఆయన మాత్రం "నిన్న చల్లటి నీళ్లు తాగిన" అని ఫ్రిజ్ మీద నేరం మోపుతాడు. తిండికీ పడకకూ నడుమ రెండు మూడు గంటల ఎడం ఉంటే ఫ్రిజ్‌కు ఆ నింద తప్పేది.

అసలు మందు మౌనం. దాన్నే ఎవరూ పుచ్చుకోరు. మాట్లాడొద్దంటే గుసగుసలాడతారు. ఆ గుసగుస చాలామందిలో గొంతు కండరాలను ఇంకా బిగిస్తుంది. మాటిమాటికీ "ఖర్ర్" మని గొంతు సవరించుకుంటే వాచిన తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. నోరు మెదపకుండా పని కానియ్యడం మనకు కొత్త కాదు. వెనకటికి పశువుల సంతల్లో బేరగాళ్లు తువ్వాల కింద వేళ్లు పట్టుకొని, పెదవి కదపకుండా జత ఎడ్ల బేరం తెంపేవాళ్లు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం వచ్చాక పసుపు ధర కూడా కంప్యూటరే చెబుతోంది. అరిచే అవసరం తగ్గింది, అలవాటు తగ్గలేదు.

కాబట్టి గొంతు పోయిన అన్నలూ, అక్కలూ! రెండు మూడు రోజులు సైగలతో, ఫోన్‌లో టైపు చేసి గడపండి. నీళ్లు కొద్దికొద్దిగా తాగుతుండండి. బీడీ, సిగరెట్ మానండి. తప్పనిసరైతే మెల్లగా, మామూలు గొంతుతోనే నాలుగు మాటలు మాట్లాడండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, దగ్గితే రక్తం పడినా, ఊపిరాడకపోయినా మూడు వారాలు కాదు, మూడు రోజులు కూడా ఆగొద్దు.