ఒకటో నంబరు

మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి ఓ వెబ్‌సైటు ఉంది. గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాం కాబట్టి పైసా ఖర్చు లేదు. కాకపోతే పేజీలన్నీ హెచ్‌టీఎంఎల్. కార్యదర్శి లెక్కల మాస్టారు ఓసారి ఎవరి పేరో చేర్చబోయి, బోల్డ్ అక్షరాలను ముగించే ట్యాగును చెరిపేశారు. అక్కణ్ణుంచి పేజీ అడుగుదాకా అక్షరాలన్నీ లావెక్కి కూర్చున్నాయి. ఇక అప్పట్నుంచీ కామా మార్చాలన్నా నాకే ఫోను.

ఈ బాధ పడలేక అన్నిటినీ మార్క్‌డౌన్‌లోకి మార్చేశాను. 2004లో జాన్ గ్రూబర్ దీన్ని తెచ్చిందే ట్యాగుల రొద లేకుండా, రాసింది రాసినట్టే చదువుకునేలా ఉండాలని. శీర్షికకు ముందు ఒక #, బోల్డ్ కావాలంటే మాటకు అటూ ఇటూ రెండేసి స్టార్లు. గిట్‌హబ్‌లో పెన్సిల్ బొమ్మ నొక్కి రాసి, కమిట్ కొడితే చాలు. దాన్ని హెచ్‌టీఎంఎల్ చేసే చాకిరీ జెకిల్ అనే ప్రోగ్రాముది. మాస్టారికి ఒక్క పూటలో పట్టుబడింది.

ఆయనకు అన్నిటికన్నా నచ్చింది నంబర్ల సంగతి. ప్రతి పేరు ముందూ ‘1.’ అనే కొట్టుకుంటూ పోయినా, పేజీలో మాత్రం 1, 2, 3 అని వరసగా వచ్చేస్తాయి. మధ్యలో ఎవర్ని దూర్చినా కింది నంబర్లు దిద్దే పని లేదు.

సైన్సు ల్యాబుకు విరాళం ప్రకటించినవాళ్ల జాబితా అలాగే పెట్టారు. పెట్టీ పెట్టగానే అలకలు. ‘నేను తొమ్మిదోవాణ్ణా?’ అని ఒకరు. అందరికన్నా పెద్ద గొంతు సంఘం అధ్యక్షులది. ‘వేదిక మీద మొదట ప్రకటించింది నేను. నాకు నాలుగో నంబరా మాస్టారూ?’

మాస్టారు ఫైలు తెరిచి, ఆయన పేరున్న ఒక్క వరస మటుకు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ‘చూసుకోండి, అసలు ఫైల్లో మీరు ఒకటో నంబరే.’ అలిగిన ప్రతివాళ్లకీ అదే మందు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. లెక్కల మాస్టారు మరి!

కొన్నాళ్లకు ఆయన దగ్గర్నుంచి ఫోను.

‘ఒరేయ్, జాబితా మధ్యలో ఇంకో శీర్షిక పెడితే, దాని కింద నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయా?’

‘అవుతాయి మాస్టారూ. ఎందుకు?’

‘ల్యాబుకు పునాది తీసి పడేశాం, పైకి లేవట్లేదురా. పాస్‌బుక్కు చూసుకుంటే అర్థమైంది.’

ఆ రాత్రే జాబితా రెండయింది. పైన ‘సొమ్ము జమ అయినవారు’, కింద ‘జమ కావలసినవారు’. తెల్లారేసరికి ఊరూవాడా ఆ లింకు తిరిగింది. కింద ఉన్న పేర్లు ఒక్కొక్కటే పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. ల్యాబుకు స్లాబు కూడా పడింది.

నిన్న మళ్లీ చూశాను. కింది జాబితాలో ఒక్క పేరే మిగిలింది. అధ్యక్షుల వారు ఇప్పుడు ఫైల్లోనూ, పేజీలోనూ ఒకటో నంబరే.